వెనకదిబ్బ రూల్సు

మా మేనత్త ఫెయిల్ చేసినంతమందిని ఏ బడిలోనూ ఏ లెక్కల మాస్టారూ చేసి ఉండడు. ఆఫీసర్లు, డాక్టర్లు, కొత్తగా పెళ్లయిన జంటలు, ఒంటినిండా కండలు తప్ప మరేమీ లేని కుర్రాళ్లు, ఎవరైనా సరే, ఆమె ముందు నడుములోతు నీళ్లలో బోర్లా పడుకుని తేలి చూపించాల్సిందే. కింద మెత్తటి ఇసుక. అది లేవకూడదు. పరీక్ష అంతే. కాళ్లకు తొడిగిన రబ్బరు రెక్కలు కంగారుగా కొట్టుకుని నీళ్లు మసకబారాయంటే అత్త వాళ్ల భుజం తట్టి లేపేది. "ఇవాళ్టికి ఇక్కడే ఈదుకోండి. పగడాల దిబ్బ దగ్గరికి వద్దు" అనేది.

"నేను ఈత పోటీల్లో కప్పు గెలిచానమ్మా" అని ఒకాయన ఛాతీ విరుచుకున్నాడు ఒకసారి.

"కప్పు ఇంట్లో అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుందండీ. ఇక్కడివి అలా ఉండవు, తగిలితే విరుగుతాయి" అంది అత్త.

పడవలవాళ్లు ఆమెకు పరీక్షలమ్మ అని పేరు పెట్టారు. వెనకాల నవ్వుకోవడానికి పెట్టిన పేరు, పోనుపోను మొహం ముందే పిలిచే పేరైపోయింది. అత్త పలికేది కూడా.

అత్త పనిచేసే దుకాణంలోనే నేనూ పనిచేస్తాను. సముద్రంలో పగడాల దిబ్బలు చూడడానికి వచ్చేవాళ్లకు సామాను అద్దెకిచ్చే దుకాణం అది. నాది వెనక గది. నీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి జనం నోట్లో పెట్టుకుని తిరిగిచ్చిన గొట్టాలు కడగడం, మాస్కుల అద్దాలు తుడవడం, వెట్‌సూట్లనే తడిసిన రబ్బరు ఈత దుస్తులు తిరగేసి ఆరబెట్టడం నా ఉద్యోగం. వెట్‌సూట్లు వేసుకుని మనుషులు లోపల్లోపల ఏం కానిస్తారో కడిగేవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి మనుషుల గురించి నాకు గొప్ప అభిప్రాయాలేమీ లేవు. అత్తకు ఉండేవి. ఆమె కొంప ముంచింది అదే.

అత్త కూడా మొదట్లో ఈ వెనక గది మనిషే. చిరిగిన వెట్‌సూట్లకు మాసికలు వేసేది. మామయ్య పడవ నడిపేవాడు, ఇప్పటికీ నడుపుతున్నాడు. పడవవాడి పెళ్లానికి ఈత రాదంటే తన పరువేం కావాలని ఆయనే పట్టుబట్టి నేర్పించాడట. నేర్పించినందుకు తర్వాత చాలా బాధపడ్డాడు. ఎందుకంటే నీళ్ల కింద ఏముందో చూసిన రోజునుంచి అత్త ఆయన్ని లంగరు వేయనిచ్చేది కాదు. ఇనుప లంగరు పడ్డచోట పగడం పిండైపోతుంది. "అది రాయి కాదయ్యా, ప్రాణమున్న జంతువు. నీ నెత్తిమీద వేస్తే నువ్వు ఊరుకుంటావా?" అని పోట్లాడేది. చివరికి మామయ్యే ఇసుకమేట ఉన్నచోట ఒక పెద్ద సిమెంటు దిమ్మ దించి, దానికి తాడూ, తాడు చివర తేలే ఎర్ర డ్రమ్మూ కట్టాడు. అప్పట్నుంచీ పడవలన్నీ ఆ డ్రమ్ముకే కట్టుకునేవి. పెళ్లాం పోరు పడలేక చేసిన పని రేవుకంతటికీ పనికొచ్చింది.

రేవు ముందున్నది ముందుదిబ్బ. కొండ మలుపు తిరిగితే వెనకదిబ్బ. అసలు అందమంతా వెనకదిబ్బదే. కొమ్మలు కొమ్మలుగా, బల్లలు పరిచినట్టుగా, మడతలు మడతలుగా రకరకాల పగడం, వాటి సందుల్లో చేపలు. ఒక ఎండాకాలం సముద్రం చల్లబడడమే మానేసింది. నీళ్లలో చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టుండేది. వెనకదిబ్బ మొత్తం తెల్లబడిపోయింది. వచ్చినవాళ్లు ఎంత బావుందో, మంచు కురిసినట్టుందని ఫొటోలు తీసుకుని మురిసిపోయారు. ఆ మాటలు విన్న అత్త ఆ రోజు అన్నం తినలేదు.

దాన్ని చూడడానికి వచ్చిన ఒక పరిశోధకురాలు అత్తకు విషయం చెప్పింది. పగడంలో కంటికి కనిపించనంత సన్నటి నాచు కాపురముంటుందట. రంగూ తిండీ ఇచ్చేది అదే. వేడికి తట్టుకోలేక పగడం దాన్ని బయటికి తోసేస్తుంది. "ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. నీళ్లు చల్లబడ్డాక కోలుకోవచ్చు. కానీ ఇప్పుడు ఎవరూ తాకకూడదు, తన్నకూడదు, మీద ఇసుక పోయకూడదు. జ్వరం పడ్డ మనిషిని పరామర్శకు వచ్చిన జనం ఊపిరాడకుండా చేస్తారు చూడు, అలా చేయనివ్వకండి" అందావిడ. అత్త ఆ మాట పట్టుకుంది. ఇక వదల్లేదు.

వెనకదిబ్బకు ఎవరినీ తీసుకెళ్లొద్దని పడవ యజమానుల సంఘాన్ని అడిగింది. సంఘం ప్రెసిడెంటు, అత్తను నోరారా అక్కా అని పిలిచేవాడు, వెంటనే ఒప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే ఆ చప్పట్లు చూస్తే నవ్వొచ్చింది. అప్పటికే వెనకదిబ్బ మీద చచ్చినచోటల్లా బూజులా వేరే నాచు పట్టడం మొదలైంది, చేపలు పోయాయి, చూడడానికి ఎవరూ వెళ్లడంలేదు. పాడైపోయిన ఫ్రిజ్జు దానం చేసినంత ఉదారంగా దాన్ని అత్త చేతిలో పెట్టారు.

అత్త దాన్ని ఫ్రిజ్జులా చూడలేదు. పరీక్షలు అప్పుడే మొదలుపెట్టింది, ముందుదిబ్బకు వెళ్లేవాళ్లకు. అదైనా నిలబడాలి కదా అని. వెనకదిబ్బకు మాత్రం తను కూడా దిగలేదు. ఎవరూ దిగకూడదంటే అందులో తనూ ఉన్నట్టేననేది. మామయ్య ఆమెకు అడుగున అద్దం బిగించిన బకెట్ ఒకటి చేసిచ్చాడు. పడవ పక్కన దాన్ని నీళ్లలో సగం ముంచి, అందులో తల దూర్చి చూస్తే కింద అంతా కనబడుతుంది. పని లేని రోజుల్లో ఇద్దరూ వెళ్లేవాళ్లు. మామయ్య తెడ్డుతో పడవను మెల్లగా జరుపుతూ ఉంటే అత్త బకెట్‌లో తలపెట్టి మాట్లాడేది.

"ఇదిగో, మూలమీద కొమ్మకు రంగొచ్చింది. వేలెడు పెరిగింది కూడా."

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావే?"

"నువ్వు పెరగడం ఆగిపోయి చాలా కాలమైంది కదయ్యా."

నేనూ వాళ్లతో వెళ్లేదాన్ని అప్పుడప్పుడు. అత్తామామయ్యలు అంత సంతోషంగా ఉండడం ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన టీవీ ముందు, ఈమె కుట్టుమిషను ముందు. పడవలో మాత్రం పెళ్లి చూపుల్లో ఉన్నట్టుండేవాళ్లు.

కొన్నేళ్లకు వెనకదిబ్బ లేచి కూర్చుంది. మొత్తం కాదు, సగమైనా కాదేమో. కానీ బల్లల్లాంటి పగడం మళ్లీ పరుచుకుంది, చిన్న చిన్న చేపలు గుంపులుగా వచ్చాయి. ఈ లోపల ముందుదిబ్బ జనం తాకిడికి నలిగిపోయింది. అత్త ఎంతమందిని ఆపినా, వేరే దుకాణాలవాళ్లకు పరీక్షా లేదు, పాడూ లేదు.

అప్పుడొచ్చాడు ప్రెసిడెంటు మా అత్త ఇంటికి. వంటగది గడప దగ్గరే నిలబడి, కాఫీ తాగుతూ, ఎంతో వినయంగా మాట్లాడాడు.

"అక్కా, నీ కష్టం ఊరికే పోలేదు. వెనకదిబ్బ మళ్లీ బతికింది. దాన్ని జనానికి చూపించాలి కదా!"

"ఎందుకు చూపించాలి? ఇప్పుడిప్పుడే లేస్తోంది తమ్ముడూ."

"ఎవరినంటే వాళ్లని కాదక్కా. నీ పరీక్ష పాసైనవాళ్లనే. నీ రూల్సే పెడదాం. నువ్వు చెప్పు, మేం బోర్డు మీద రాయిస్తాం. నువ్వు వద్దంటే వద్దు. కానీ రేపు పక్క రేవువాళ్లు తీసుకొచ్చి దింపితే ఏ రూలూ ఉండదు మరి."

అత్త మామయ్య వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దే. మూసి ఉంటే మూసి ఉందంటారు. తెరిచాక, ఎంత తెరవాలన్నది నీ చేతిలో ఉండదు" అన్నాడు. మామయ్య జన్మలో అన్న తెలివైన మాట అదొక్కటే.

అత్త వినలేదు. తన పరీక్ష మీద ఆమెకు అంత నమ్మకం. సరిగ్గా నేర్పితే మనుషులు సరిగ్గా ఉంటారని నమ్మే రకం. ఆలోచించి ఆలోచించి రూల్సు చెప్పింది. తాకకూడదు, దానిమీద నిలబడకూడదు. చేతికి గ్లవ్స్ వేసుకోకూడదు, ఎందుకంటే గ్లవ్స్ ఉంటే పట్టుకోబుద్ధేస్తుంది. ఎండకని ఒంటికి క్రీములు పూసుకోకూడదు, అవి పగడానికి విషం, బదులుగా పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. వేలాడే కెమెరాలూ గొట్టాలూ ఒంటికి బిగించి కట్టుకోవాలి. చేపలకు తిండి వేయకూడదు. చచ్చినదైనా సరే, ముక్క ఏరుకోకూడదు. ఇసుక లేపేవాళ్లు రానేకూడదు. గాలి, కెరటం ఎక్కువున్న రోజు ఎవరూ పోకూడదు.

బోర్డు వచ్చింది. రూల్సన్నీ రంగురంగుల అక్షరాల్లో, పక్కన అత్త ఫొటో, అది కూడా నవ్వుతున్న ఫొటో. పళ్లు కనబడేలా నవ్వమని ఫొటోగ్రాఫరు బతిమాలాడు.

మొదటి సీజన్లో అత్త మాటే చెల్లింది. పాసైన కొద్దిమందిని తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లేది. దిబ్బ మీదికి వెళ్లకుండా పక్కన ఇసుకమేట మీదుగానే తిప్పి, చూపించి, తీసుకొచ్చేసేది. నాకు కూడా అప్పుడు కాస్త ఆశ కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత సణుగుడు మొదలైంది. ఫెయిలైనవాళ్లు దుకాణం ముందు గొడవ చేస్తున్నారన్నారు. ప్రెసిడెంటు చుట్టాలు వస్తే, వాళ్లకి పరీక్షేమిటక్కా, మనవాళ్లే కదా అన్నారు. ఆ మనవాళ్లకు మనవాళ్లుంటారు. పరీక్షకు చాలా సమయం పడుతోందని దాన్ని "అవగాహన" అన్నారు. అవగాహన అంటే నీళ్లలోకి దిగనక్కర్లేదు, కుర్చీల్లో కూర్చుని వింటే చాలు. రోజంతా చెప్పి అత్త గొంతు పోతోందని జాలిపడి, ఆమె మాటల్ని వీడియో తీశారు. వీడియో చూసినవాళ్లందరికీ ఒక కార్డు. దాని మీద "వెనకదిబ్బ మిత్రులు" అని అచ్చు, కింద అత్త సంతకం, అదీ అచ్చే. అత్తను కౌంటరు వెనక కూర్చోబెట్టి కార్డులు అందించమన్నారు. జనాల్ని ఫెయిల్ చేసిన మనిషి ఇప్పుడు అందరినీ పాస్ చేస్తోంది.

"ఈ కార్డులివ్వను" అంది ఒకరోజు.

"పర్లేదక్కా, టేబుల్ మీద పెడితే వాళ్లే తీసుకుంటారు" అన్నాడు ప్రెసిడెంటు.

నా వెనక గదిలోకి రోజంతా ఆమె గొంతు వినబడేది. "ఇది రాయి కాదండీ, ప్రాణమున్న జంతువు..." అని హాల్లో టీవీ చెబుతూ ఉంటే, కుర్చీల్లో జనం ఫోన్లు చూసుకునేవాళ్లు, పిల్లల నోట్లో బిస్కెట్లు కుక్కేవాళ్లు, ఒంటికి క్రీము పట్టించేవాళ్లు. మాస్కులు కడుగుతూ నాకు చెవులు మూసుకోవాలనిపించేది.

వాళ్లను ఎక్కించుకుని వెళ్లేది మామయ్య పడవే. ఇంట్లో దాని మీద రోజూ వాదనే.

"నేను పోకపోతే ఇంకొకడు పోతాడు. నేనైతే కనీసం లంగరెయ్యను" అనేవాడాయన.

"లంగరు ఒక్కసారి పడుతుంది. వీళ్లు రోజూ పడుతున్నారు" అనేది అత్త.

గాలి బాగా ఉన్న రోజొకటి వచ్చింది. పడవలు పోకూడని రోజు. అన్నీ పోయాయి. మధ్యాహ్నం నేను కడిగిన మాస్కులు కౌంటరు దగ్గర సర్దుతుంటే ఒకతను మాస్కు తిరిగివ్వడానికి వచ్చాడు. మర్యాదస్తుడే. మాస్కు తనే కడిగి మరీ తెచ్చాడు. రెండో చేతిలో అరచెయ్యంత పగడం కొమ్మ ఉంది.

"చుట్టుకోవడానికి పాత పేపరేమైనా ఉందా అండీ?" అని అడిగాడు.

అత్త పక్కనే ఉంది. టేబుల్ మీది కార్డుల కట్ట పక్కకు జరిపి, చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. కొమ్మ చివర్లకు ఇంకా రంగుంది. వేలికి జిగురు అంటింది. బతికున్నప్పుడే ఉండే జిగురది.

"ఇదెక్కడిదండీ?"

"నేను విరవలేదు మేడమ్, నిజంగా! అక్కడ చాలా పడున్నాయి. అలలకు నిలబడలేక అందరూ కాళ్లు పెడుతుంటే విరిగిపోయాయి. ఊరికే పాడైపోతుందని తెచ్చాను" అన్నాడు. అతని దగ్గర కార్డు ఉంది. చొక్కా జేబులోంచి తీసి చూపించాడు కూడా.

మర్నాడు గాలి తగ్గాక అత్త నన్ను తోడు తీసుకుని మామయ్య పడవలో వెనకదిబ్బకు వెళ్లింది. ఈసారి బకెట్ తీసుకురాలేదు, దిగింది. నేను పడవలో కూర్చున్నాను, మామయ్య ఇంజను ఆపి కూర్చున్నాడు. ఆమె చాలాసేపు తిరిగింది. పైకి వచ్చాక పడవ అంచు పట్టుకుని, ఎక్కకుండా, అలాగే నీళ్లలో ఉండిపోయింది. మాస్కు తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బల్లలన్నీ బోర్లాపడ్డాయి. మిగిలినవాటి మీద ఇసుక. మిగిలినవి ఇంకా కొన్నున్నాయి. ఇప్పుడు ఆపితే అవైనా ఉంటాయి" అంది. చెప్పింది మామయ్యకు. ఆయన తాడు సర్దుకుంటున్నాడు.

సంఘం సమావేశం పెట్టింది. దుకాణం హాల్లోనే, ఆ కుర్చీల్లోనే. ప్రెసిడెంటు లేచి చాలా బాధగా మాట్లాడాడు. మనం మంచి రూల్సు పెట్టాం, వచ్చినవాళ్లు పాటించలేదు, తప్పు వాళ్లది అన్నాడు. ఇంకా కఠినమైన రూల్సు పెడదామన్నాడు. బోర్డు ఇంకొంచెం పెద్దది చేద్దామని ఎవరో అన్నారు.

అత్త లేచింది. అంతవరకూ అతన్ని తమ్ముడూ అనే పిలిచేది.

"ప్రెసిడెంటు గారూ, నా రూల్సు మీకు తలుపు తాళంలా పనికొస్తాయనుకున్నాను. మీరు వాటిని టికెట్‌గా వాడుకున్నారు. నాకు రూల్సొద్దు, బోర్డొద్దు. మూసెయ్యండి. రేపటినుంచే."

అత్త వెనక్కి తిరిగి, గోడవారగా కూర్చున్న మామయ్యను చూసింది.

"నువ్వు చెప్పయ్యా. నువ్వు చూశావుగా. రోజూ చూస్తున్నావుగా. నువ్వొక్కడివి నీ పడవ ఆపుతానని చెప్పు, మిగతావాళ్లను నేను అడుగుతాను."

మామయ్య నేలకేసి చూశాడు. గడ్డం గోక్కున్నాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం, చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఆ క్షణంలో మాత్రం ఆయన ఏం చెప్పబోతున్నాడో తెలిసిపోయి, ఆయన నోరు మూసెయ్యాలనిపించింది.

"ఈ సీజన్ అవనీవే. అయ్యాక చూద్దాం" అన్నాడు.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. అదే సరైన మాట, సీజన్ అయ్యాక చూద్దాం, పరీక్షలమ్మ ఇంటాయనే అన్నాడుగా అని అందరూ అందుకున్నారు. అత్త కూర్చుంది. మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది. ఇంటికి ఆయన పడవలో వెళ్లలేదు, నాతో నడిచి వచ్చింది. దారిలో ఒక్కటే మాట అంది. "వాడన్నందుకు కాదే, ఈయన అన్నాడే."

సీజన్ అయింది. మాట తప్పలేదు, చూశారు. చూడడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. విరిగిన ముక్కల గుట్ట, దాని మీద నాచు. వచ్చినవాళ్లు కూడా ఇందుకా ఇంత దూరం తీసుకొచ్చారని విసుక్కుంటున్నారు. అప్పుడు సంఘం ఏకగ్రీవంగా వెనకదిబ్బను మూసేసింది. ప్రెసిడెంటు స్వయంగా వెనక గదికి వచ్చి చెప్పాడు. అత్త అప్పటికే కౌంటరు వదిలేసి, నా పక్కన మళ్లీ వెట్‌సూట్లు కుడుతోంది.

"నువ్వడిగినట్టే మూసేశామక్కా" అన్నాడు. నిజంగానే మంచి పని చేశాననుకుంటున్నాడు, ముఖం చూస్తే తెలుస్తోంది. "దక్షిణంవైపు ఇంకో దిబ్బ ఉంది. అక్కడికి ఇంతవరకూ ఎవరూ పోలేదు. దానికీ నువ్వే రూల్సు చెప్పాలి. రూల్సు లేకుండా తెరవడం నాకిష్టం లేదు."

"నేను చెప్పను."

"కోపం తగ్గాక చెబుదువుగాని."

"తగ్గినా చెప్పను."

అతను కాస్త నొచ్చుకున్నాడు. "సరే అయితే, పాతవే పెట్టుకుంటాంలే" అన్నాడు.

పెట్టుకున్నారు. బోర్డు తీసుకెళ్లి దక్షిణానికి పడవలెక్కే కొత్త రేవు దగ్గర పాతారు, ఫొటోతో సహా. టీవీలో వీడియో కూడా అదే, దిబ్బ పేరు వచ్చినచోట మాత్రం ఎవరిదో గొంతు అతికించారు. మామయ్య పడవ ఇప్పుడు దక్షిణానికి పోతోంది. ఇంట్లో అత్త ఆయనకు అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది. పడవ మాత్రం ఎక్కదు. పని లేని రోజుల్లో ఆయన రేవులో ఒక్కడే కూర్చుని ఉంటాడు. నాకు జాలి వేస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది.

మొన్న ఒకావిడ జిప్పు ఊడిన వెట్‌సూట్ పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. త్వరగా కుట్టి ఇస్తారా, పడవ సిద్ధంగా ఉంది అంది. అత్త కుడుతుంటే ఆమె వంగి ముఖంలోకి చూసింది.

"రేవు దగ్గర బోర్డు మీద ఉన్నది మీరే కదూ? ఒక ఫొటో తీసుకోవచ్చా?"

అత్త దారం కొరికి తెంపింది.

"నేను కాదండీ. ఆవిడ పోయింది."

"అయ్యో" అందామె. నిజంగానే బాధపడింది. ఆవిడ రూల్సు ఎంత బావున్నాయో అని రెండుసార్లు అని, వెట్‌సూట్ తీసుకుని పడవ ఎక్కడానికి వెళ్లింది.